మంత్రిగారి ఛార్టులో నేను రాసిన తప్పు

పోయిన నెల మా ఊరి నర్సింగ్ స్కూలు వాళ్ళు ఆఖరి సంవత్సరం పిల్లలతో మాట్లాడమని నన్ను పిలిచారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పమన్నారు. మైకు ముందు నిలబడేసరికి ధైర్యం చాలక, కష్టమైన కాన్పు ఒకటి గట్టెక్కించిన సంగతి చెప్పి చప్పట్లు కొట్టించుకుని వచ్చేశాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. మరిచిపోలేనిది అది కాదు. ఆ పిల్లలకు అక్కడ చెప్పలేకపోయిందే ఇక్కడ రాస్తున్నాను. మీలో చాలామంది రేపో మాపో దుబాయ్ విమానం ఎక్కుతారు. ఎక్కేముందు ఒకసారి చదవండి.

దుబాయ్ అని అలవాటు కొద్దీ అంటున్నాను గానీ నేనున్నది అబూదాబీలో. పెద్ద ఆసుపత్రి వార్డులో చాలా ఏళ్ళు చేశాను. కరోనా వచ్చిన ఏడాది చివర నా కాంట్రాక్టు అయిపోయింది. ఇంటికి వెళ్ళిపోయే వయసే, కానీ ఇంకో రెండేళ్ళు చేద్దామని ఇళ్ళకు నర్సుల్ని పంపే కంపెనీలో చేరాను. ఊరి శివారున మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక విల్లా మేడమీద గదిలో నలుగురం ఉండేవాళ్ళం. అందరం గోదావరి జిల్లాల వాళ్ళమే, అందరం నర్సులమే.

కంపెనీలో మాకు పైన ఒక కేరళ ఆవిడ ఉండేది. మొదటి కేసు ఇస్తూ ఫోన్లో చెప్పింది.

"సిస్టర్, పేషెంటు పెద్దాయన. రిటైర్డ్ మినిస్టర్, యూకే. ఏడాది కిందట పక్షవాతం. జాగ్రత్తగా చూసుకో."

మినిస్టర్ అనగానే నాకు తట్టిన అర్థం ఒక్కటే. మా క్రైస్తవుల ఇళ్ళలో ఫలానాయన మినిస్ట్రీలో ఉన్నాడంటే దేవుని సేవలో ఉన్నాడని. మా మేనమామ ముప్పై ఏళ్ళు మినిస్ట్రీ చేసి పోయాడు. ఇంగ్లండు పాస్టరు గారికి సేవ చేసే భాగ్యం దొరికిందని ఆ పూట గదిలో అందరికీ చెప్పుకున్నాను.

ఆయన ఎనభై దాటిన మనిషి. పొడుగు, గుబురు కనుబొమలు, కుడి చెయ్యి పడిపోయింది. కూతురు దగ్గర ఉండేవారు. ఆ కూతురు అక్కడొక స్కూలుకి ప్రిన్సిపాల్. మొదటి రోజు మందులన్నీ అప్పగిస్తూ ఆవిడ అంది: "నాన్న తొమ్మిదేళ్ళు మినిస్ట్రీలో ఉన్నారు. మూడు వేర్వేరు మినిస్ట్రీలు. తన సొంత ఊరివాళ్ళతో మాత్రం ఆయనకు చెడింది. ఆ ఊసు ఎత్తకండి."

మూడు మినిస్ట్రీలంటే మూడు సంఘాలు కాబోలు అనుకున్నాను. ఊరివాళ్ళతో చెడిందంటే సంఘం చీలిపోయి ఉంటుంది, మా వైపు అది మామూలే. నాకు ఎక్కడా అనుమానం రాలేదు. చూడండి, తప్పుగా అర్థం చేసుకున్నది కూడా ఎంత చక్కగా అతుకుతుందో.

నెల తిరక్కుండానే ఆవిడ లండన్ వెళ్ళింది, తన కూతురి కాన్పుకు. పది రోజుల్లో వస్తానంది. ఈలోగా విమానాలు ఆగిపోయాయి. ఇంట్లో ఆయన, వంటమనిషి, పగలు నేను, రాత్రికి ఇంకో నర్సు. ఆయన్ని మంచం మీంచి కుర్చీలోకి మార్చడానికీ, ఆసుపత్రికి తీసుకెళ్ళడానికీ ఒక డ్రైవరు ఉండేవాడు. మంచిర్యాల వైపు మనిషి, నలభై దాటినవాడు. నన్ను అక్కా అనేవాడు.

ఆ రోజుల్లోనే ఇక్కడ ఊళ్ళో మా ఆయనకు కరోనా వచ్చింది. ఆక్సిజన్ పెట్టారని ఫోనొచ్చింది. నేను వెళ్ళలేను. పెద్దాయన చక్రాల కుర్చీ ముందు మోకాళ్ళూని, "సార్, నా భర్త కోసం ప్రార్థన చెయ్యండి," అన్నాను.

ఆయన తికమకగా చూశారు. ఆ గుబురు కనుబొమలు రెండూ దగ్గరకొచ్చాయి. కాసేపటికి ఎడం చెయ్యి నా తల మీద పెట్టి, కళ్ళు మూసుకుని ఏదో చెప్పడం మొదలెట్టారు. అది ఇంగ్లీషు కాదు. గొంతులోంచి గరగరమంటూ, పాటకీ మాటకీ మధ్య ఒక లయలో సాగింది. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. అన్యభాషలు! పరిశుద్ధాత్మ దిగితే తప్ప రాని మాటలు. ఏడుస్తూ ఉండిపోయాను. వారం తిరిగేసరికి మా ఆయన ఇంటికొచ్చాడు. నా నమ్మకం ఇంక అడగకండి.

ఒకరోజు మధ్యాహ్నం ఆ సంగతి డ్రైవరుకి చెప్పాను. అతను నా ముఖం వంక వింతగా చూశాడు.

"పాస్టరా? ఎవలు చెప్పిన్రక్కా నీకు? మంత్రి ఆయన. సర్కారు మంత్రి."

"మంత్రేంటి తమ్ముడూ?"

"బొగ్గుబాయిల మంత్రి. గీ ఫోన్ల సూడు."

చూపించాడు. జుట్టు నల్లగా, నిలువెత్తు మనిషి, కారు దిగుతున్న ఫొటో. కింద ఆయన జీవితమంతా ఉంది. ఇంగ్లండు పక్కన వేల్స్ అనే చోట ఒక కొండలోయ ఊళ్ళో పుట్టారు. తండ్రి బొగ్గు గనిలో కూలీ. ఈయన చదువుకుని బడిపంతులయ్యారు. రెండుసార్లు ఎన్నికల్లో ఓడి, మూడోసారి గెలిచారు. మొదట బడులు చూసే శాఖ, తర్వాత రోడ్లు, ఆఖరున గనులు. ఆ ఆఖరి శాఖలో ఉండగా నష్టాల గనుల జాబితా ఒకటి ఆయన బల్ల మీదికి వచ్చింది. అందులో తండ్రి దిగిన గని కూడా ఉంది. సంతకం పెట్టారు. తర్వాత ఎన్నికల్లో సొంత ఊరే ఆయన్ని ఓడించింది.

"నాకు ఎప్పటి సందో తెలుసక్కా," అన్నాడు డ్రైవరు. "మా నాయన బొగ్గుబాయిల పనిచేసిండని ఓపారి చెప్పిన. నా చెయ్యి పట్టుకుని ఎంత లోతు, ఎన్ని గంటలు, దగ్గొస్తదా, అన్నీ అడిగిండు. మంచోడే. గాని మా దిక్కు బాయి మూసిన మంత్రిని ఊళ్ళెకు రానిస్తరా?"

అప్పటికి పెద్దాయనకు ఇంగ్లీషు బాగానే వచ్చేది. వెళ్ళి సూటిగా అడిగాను. "సార్, మీరు పాస్టరు కాదా?"

ఆయన నవ్వారు. నేను చేరాక అంతసేపు నవ్వడం అదే మొదలు, అదే ఆఖరు. "మా నాన్న అదే కోరుకున్నాడు. కుదరలేదు."

"మరి ఆ రోజు ప్రార్థన?"

"నువ్వు నేల మీద కూర్చుని ఏడుస్తున్నావు. ఏదో ఒకటి చెప్పకపోతే బాగుండదనిపించింది. నోటికొచ్చింది చెప్పాను."

ఏ భాషలో చెప్పారు సార్ అని అడగాలి కదా. అడగలేదు. నాకు రోషం వచ్చింది. నోటికొచ్చింది చెప్పారట! ఆత్మ దిగిందనుకున్నది ఉత్త శబ్దమని తేలేసరికి నన్ను వెర్రిదాన్ని చేశారనిపించింది. దేవుని భాష కాకపోతే అది అసలు ఏ భాషా కాదని తేల్చేసుకున్నాను. ఈ రెండింటికీ మధ్య, భూమ్మీద మనుషులు మాట్లాడుకునే మామూలు భాష ఏదైనా అయ్యుండొచ్చని నాకు తట్టలేదు. ఇంట్లో తెలుగు, కూలీల క్యాంపుల్లో హిందీ, ఆసుపత్రిలో ఇంగ్లీషు, గేటు దగ్గర అరబ్బీ, రోజూ నాలుగు భాషల మధ్య తిరిగే నాకు! ఇంగ్లండు వాళ్ళందరికీ ఇంగ్లీషే అనుకున్నాను. ఎందుకలా అనుకున్నానో ఇప్పటికీ తెలియదు.

ఎండాకాలం నడుమ ఆయనకు మళ్ళీ పక్షవాతం దెబ్బ తగిలింది. ఈసారి చిన్నదే. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపారు. వచ్చేటప్పుడు రెండు తేడాలు. మొదటిది, మింగడం సరిగ్గా లేదు. పల్చటివేవీ తాగించకూడదు, పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నీళ్ళలో ఒక పొడి కలిపి జావలా చేసి చెంచాతో పట్టాలి. రెండోది, ఇంగ్లీషు పోయింది. బదులుగా ఆ గరగర శబ్దాలు వస్తున్నాయి. "మెదడులో మాట్లాడే కేంద్రం దెబ్బతింది, అర్థంలేని మాటలు వస్తాయి," అని ఆసుపత్రి కాగితంలో ఉంది. నేనూ ఛార్టులో రోజూ అదే రాశాను. అర్థంలేని మాటలు. అర్థంలేని మాటలు.

చెంచా దగ్గరకు తీసుకెళ్తే తోసేసేవారు. "దూర్," అనేవారు. "దూర్, దూర్." ఆ వెనక ఇంకో పొడుగాటి మాట, తిట్టులా వినిపించేది. ఒక్క ముక్కైనా నాకు తెలిసిన మాటలా ఉందే అనుకున్నాను. హిందీలో దూర్, మనకు దూరం. పొమ్మంటున్నారు. మాస్కులు కట్టుకుని ఆరడుగులు ఎడంగా నిలబడమని లోకమంతా చెబుతున్న రోజులవి. నేను నిజంగానే వెనక్కి జరిగేదాన్ని.

సాయంత్రం నాలుగింటికి తోటమాలి వచ్చి కిటికీ అవతల మొక్కలకు పైపుతో నీళ్ళు పట్టేవాడు. అతన్ని చూస్తే పెద్దాయన గోల ఇంకా ఎక్కువయ్యేది. ఎడం చెయ్యి ఎత్తి వణికిస్తూ, "దూర్, దూర్!" పాపం ఆ తోటమాలి ఏం చేశాడని? కంట్లో పడకుండా ఉంటే నెమ్మదిస్తారని కర్టెన్ లాగేశాను. ఇది నేను చేసిన పనే. ఈ చేతులతోనే లాగాను.

మూడో రోజు డాక్టరుతో వీడియోలో మాట్లాడాను. ద్రవాలు తీసుకోవడం లేదు, మనుషుల్ని తరుముతున్నారు, కోపం ఎక్కువైందన్నాను. డాక్టరు నెమ్మదింపజేసే మందు కొద్దిగా రాశారు. పెద్దాయన మందుతో ఇంకా మగతగా పడుకున్నారు, ఇంకా తక్కువ తాగారు. లండన్ నుంచి కూతురు వీడియోలో చూసినప్పుడల్లా నిద్రలోనే ఉండేవారు. "ఏమైనా మాట్లాడుతున్నారా?" అని అడిగేది. "లేదు మేడమ్, ఉత్త శబ్దాలే," అన్నాను. ఆవిడ ఏడ్చింది. ఓదార్చాను కూడా.

ఆరో రోజు డ్రైవరు ఆయన్ని కుర్చీలోకి మారుస్తూ ఆగిపోయాడు.

"అక్కా, గీయన ఉత్తగ ఒర్లుతలేడు."

"ఊరుకో తమ్ముడూ. స్కాన్లో కనపడింది. డాక్టర్లే చెప్పారు."

"డాక్టర్లు ఎన్నడన్న క్యాంపుల వున్నరా? నేను పదకొండేండ్లు వున్న. బెంగాలోళ్ళు, పఠాన్లు, నేపాలోళ్ళు, అందరి మాటలు చెవుల వడ్డయి. నాకు ఒక్కటి రాదు గని, మాట ఏదో మూలుగు ఏదో ఎర్కలేదా? గీయన ఒక్కటే మాట మల్ల మల్ల అంటుండు. అని, జవాబు కోసం నీ మొఖం దిక్కు సూస్తుండు. పొమ్మనేటోడు గట్ల సూస్తడా?"

నేను ఆయన ముఖం వంక చూశాను. పెదాలు పగిలి, నాలుక ఎండిపోయి ఉన్నాయి. కళ్ళు నా మీదే ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఆ కళ్ళలో కోపం ఉందనుకున్నాను. ఏముందో నాకు తెలియలేదు. కోపం మాత్రం కాదు.

"ఫోన్ల రికార్డు జేసి మేడంకు పంపుత," అన్నాడతను.

రోగుల్ని రికార్డు చెయ్యడం కంపెనీలో పెద్ద తప్పు. ఉద్యోగం పోతుంది, నాదీ అతనిదీ. వద్దనే అన్నాను. అతను అప్పటికే ఫోను ఆయన నోటి దగ్గర పెట్టాడు. నేను ఆపలేదు.

అయిదు నిమిషాల్లో కూతురు ఫోను చేసింది. "అది వేల్స్ భాష, నాన్న ఇంటి భాష. చిన్నప్పటి భాష. ఎన్నాళ్ళుగా ఇలా మాట్లాడుతున్నారు?"

"ఏం అంటున్నారు మేడమ్?"

"నాకు రాదు. నాకెప్పుడూ నేర్పలేదు. మా అత్తకు వచ్చు. ఆ గని మూసిన దగ్గర్నుంచీ ఆవిడ నాన్నతో మాట్లాడదు. అడుగుతాను. ఫోను పెట్టకండి."

ఎంతసేపు పట్టిందో తెలియదు. తోటమాలి పైపు శబ్దం మాత్రం కర్టెన్ అవతల వినపడుతూనే ఉంది. చివరికి ఫోన్లో ఒక ముసలావిడ ముఖం వచ్చింది. అవే కనుబొమలు. తమ్ముణ్ణి తేరిపార చూసింది. ఆయన ఆవిణ్ణి గుర్తుపట్టారో లేదో గానీ, అదే మాట ఆవిడతోనూ అన్నారు. ఆ వెనక ఆ పొడుగాటి మాట కూడా.

ఆవిడ నా వైపు తిరిగింది. ఇంగ్లీషులో మెల్లగా అడిగింది. "మీరు నర్సా అమ్మా?"

"అవునండి."

"వాడు నీళ్ళు అడుగుతున్నాడు. దయచేసి ఇవ్వండి అంటున్నాడు." ఆవిడ గొంతులో కోపం లేదు, అయోమయం ఉంది. "అక్కడ నీళ్ళు ఇవ్వరా?"

వాళ్ళ భాషలో దూర్ అంటే నీళ్ళట. తోసేసింది నన్ను కాదు, ఆ జావని. కిటికీలోంచి చూపించింది తోటమాలిని కాదు, పైపుని. నేను తిట్టనుకున్నది 'దయచేసి' అన్న మాట. ఆరు రోజులు ఒక పెద్దమనిషి మర్యాదగా మంచినీళ్ళు అడిగితే, నేను వెనక్కి జరిగి కర్టెన్ వేశాను.

అయినా గ్లాసు అందించేయలేను, పొలమారితే ప్రాణం పోతుంది. డాక్టరుకి ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. వెంటనే ఆసుపత్రికి తెమ్మన్నారు. డ్రైవరు వీల్‌చైర్ తోస్తూ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. చెప్పానా అక్కా అని ఒక్కసారైనా అని ఉంటే కాస్త తేలికపడేదాన్ని. రక్తంలో ఉప్పు పెరిగిపోయింది, మూత్రపిండాలు మొరాయిస్తున్నాయి. ఇంకో రెండు రోజులైతే చెప్పలేమన్నారు. డ్రిప్పు పెట్టారు. మింగడం మళ్ళీ పరీక్షించి, నిటారుగా కూర్చోబెట్టి, నోరు శుభ్రం చేశాక, చిన్న గుక్కలుగా మామూలు నీళ్ళు ఇవ్వొచ్చన్నారు. మొదటి గుక్క నేనే పట్టాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. నాకు ఆయన ముఖం చూసే ధైర్యం లేకపోయింది.

మర్నాడు కంపెనీకి వెళ్ళి ఛార్టు అడిగాను. కేరళ ఆవిడ తలుపు వేసింది.

"సిస్టర్, పేషెంటు బాగున్నాడు కదా. ఖలాస్. ఎందుకు రాస్తావ్? నీకూ ప్రాబ్లం, నాకూ ప్రాబ్లం. ముదీర్ అడిగితే నేనేం చెప్పాలి?"

ముదీర్ అంటే మేనేజరు. ఆవిడ చెడ్డది కాదు. ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది, భయం. నాకూ భయమే. కానీ ఆ ఛార్టులో అర్థంలేని మాటలు అని పద్దెనిమిది చోట్ల నా చేతిరాత ఉంది. రేపు ఇంకో నర్సు అది చదివి అదే నమ్ముతుంది. కింద ఇంగ్లీషులో రాశాను: రోగి తన మాతృభాషలో నీళ్ళు అడిగారు, నేను గ్రహించలేదు, పై నమోదులు తప్పు. సంతకం పెట్టాను. పెడుతుంటే, ఎందుకో, ఆయన ఏనాడో పెట్టిన సంతకం గుర్తొచ్చింది.

హెచ్చరిక కాగితం ఇచ్చి నన్ను కేసు నుంచి తీసేశారు. విమానాలు తెరిచాక కూతురు వచ్చింది. ఛార్టు మొత్తం చదివిందట. నన్ను పిలిపించింది. తిడుతుందనుకున్నాను, క్షమిస్తుందనీ అనుకున్నాను. రెండూ చెయ్యలేదు. "మీ మీద కోపం పోలేదు," అంది. "కానీ తన తప్పు తానే రాసుకునే మనిషి ఎక్కడ దొరుకుతుందో నాకు తెలియదు. రేపట్నుంచి వస్తారా?"

వెళ్ళాను. ఆయన ఇంకో పద్నాలుగు నెలలు బతికారు. ఇంగ్లీషు తిరిగి రాలేదు. రోజూ సాయంత్రం ఆయన అక్కగారు ఫోను చేసేది. నేను పక్కన కూర్చుని, వినబడ్డ మాటలు తెలుగు అక్షరాల్లో పుస్తకంలో రాసుకుని ఆవిణ్ణి అర్థం అడిగేదాన్ని. నొప్పి, చలి, కిటికీ, అమ్మ. అలా ఒక యాభై మాటలు పట్టుబడ్డాయి.

ఒక సాయంత్రం అక్కాతమ్ముళ్ళు చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆవిడ గొంతు పెరిగింది, తర్వాత ఆగిపోయింది. ఫోను పెట్టే ముందు నాతో అంది: "ఆ గని కాగితం మీద సంతకం నువ్వే పెట్టావా అని అడిగాను. అవునన్నాడు. ఎందుకు పెట్టావంటే గుర్తులేదన్నాడు. ఇన్నేళ్ళు ఈ ఒక్క ప్రశ్న దాచుకున్నానమ్మా. ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

ఏం చెప్పను? డ్రైవరుకి చెబితే అతనూ గడ్డం గోక్కుని, "గిది పంచాయితీకి తెగేది కాదక్కా," అన్నాడు.

ఆయన ఒక ఉదయం పోయారు. కూతురు స్కూల్లో ఉంది, పరుగున వస్తోంది. గదిలో నేనొక్కదాన్నే. పోయే ముందు నా వైపు తిరిగి, తడబడకుండా ఒక వాక్యం చెప్పారు. నాకొచ్చిన యాభై మాటల్లో ఒక్కటీ అందులో లేదు. ఆయన చెయ్యి వదలకుండానే పుస్తకంలో రాసుకున్నాను.

మధ్యాహ్నం అక్కగారు ఫోను చేసింది. "చివర్న ఏమన్నాడు?"

మనశ్శాంతిగా పోయారండి, మిమ్మల్నే తలుచుకున్నారండి అని చెప్పడం నర్సులకు కొత్త కాదు. నేనూ వందసార్లు చెప్పాను. ఆ రోజు నోరు రాలేదు.

"నాకు అర్థం కాలేదండి," అన్నాను. "విన్నది విన్నట్టు రాశాను. చదవమంటారా?"

చదివాను. మన అక్షరాల్లో, మన యాసలో, ఎలా వినిపించిందో ఆవిడకి.

"మళ్ళీ చదువు," అంది.

మళ్ళీ చదివాను. మూడోసారి కూడా చదివించుకుంది. ఆ తర్వాత థాంక్స్ చెప్పి పెట్టేసింది. అర్థం ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.